వడ్డించేవాణ్ణి ఎవరూ కూర్చోమనరు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, తొలకరి రోజుల్లో, అమలాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జూనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. నా ముప్పై మూడో ఏట ఆ కొలువు నుంచి విరమించుకుని ఇప్పుడు ఒక కాలేజీలో అదే విద్యను పాఠంగా చెబుతున్నాను. విరమణ అనగానే శాలువా, గంధపు దండ ఊహించుకునేరు. నా దగ్గర్నుంచి స్కూటరు తాళంచెవి, గుర్తింపు కార్డు వెనక్కి తీసుకున్నారు, అంతే. ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి జుట్టు నెరిసి తీరాలన్న నిబంధన ఎక్కడా కనబడలేదు కనక రాస్తున్నాను.

మా విభాగంలో హోదాలు ఇలా ఉండేవి. పైన న్యూరాలజీ డాక్టరు గారు, ఆయన కింద సీనియర్ ఫిజియో ప్రసాదరావు గారు, ఆయన కింద నేను, నా కింద ప్యారలల్ బార్లు. అంటే నడక మళ్లీ నేర్చుకునేవాళ్లు రెండు చేతులతో పట్టుకుని మధ్యలో నడిచే జంట కడ్డీలు. వాటి మీద తప్ప నాకు ఎవరి మీదా అధికారం లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిపోయిన రోగులను వాళ్ల ఊళ్లకు వెళ్లి చూడడాన్ని హోమ్ విజిట్ అంటారు. ప్రసాదరావు గారికి నడుం నొప్పి. అందుచేత హోమ్ విజిట్లన్నీ నావే. ఫిజియోథెరపిస్టుకి నడుం నొప్పేమిటని ఆయన ముందు ఎవరమూ అనేవాళ్లం కాదు.

పక్షవాతం వచ్చినవాళ్లకు మేం కాలికి నూనె రాసి మర్దనా చేస్తామని చాలామంది నమ్మకం. నిజానికి చెడింది కాలు కాదు, కాలికి కబురు పంపే మెదడు. ఆ కబురు వెళ్లే దారి మూసుకుపోతే, అదే పనిని మళ్లీ మళ్లీ చేయించి మెదడు చేత ఇంకో దారి వెతికించాలి. మా చదువు నాలుగున్నరేళ్లు పట్టినా సారాంశం ఇంతే.

కాట్రేనికోన వైపు ఒక ఊళ్లో సత్తిరాజు గారని కొబ్బరి రైతు. అరవై దాటినవారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం పడలేదు. ఆయన భార్య ఆదిలక్ష్మి గారికి రెండు మోకాళ్లూ అరిగిపోయి, ఆవిడ లేవడానికే ఒకరు చెయ్యందించాలి. కూతురు అనంతలక్ష్మి కువైట్లో ఒక ఇంట్లో వంట పని చేస్తుంది. తండ్రి పడిపోయారని తెలిసి సెలవు మీద వచ్చింది. ఆ సెలవు ఒకసారి పొడిగించారు. రెండోసారి కుదరదన్నారు.

మొదటి రోజే అనంతలక్ష్మి నన్ను అరుగు మీద నిలబెట్టి విషయం తేల్చేసింది.

"డాక్టరు బాబు గారూ, నాన్న తన కాళ్ల మీద తను పెరట్లోకి వెళ్లొస్తే చాలండి, నేను విమానం ఎక్కేస్తాను. అమ్మ వల్ల ఆయన్ని లేపడం అవ్వదు. ఆయన నడవలేరంటే చెప్పేయండి, మా మేడంని ఇంకో వంటమనిషిని చూసుకోమంటాను. పిల్లలిద్దరి చదువూ ఆ ఉద్యోగం మీదే ఉందండి. అందుకని మీరు ఊరడించకండి, ఉన్నది చెప్పండి."

"నేను డాక్టర్ని కాదండీ, ఫిజియోథెరపిస్టుని" అన్నాను.

"ఆయ్, అలాగేనండి డాక్టరు బాబు గారు."

రాజోలులో పుట్టి పెరిగినవాణ్ణి కనక దీనికి నేను ఆశ్చర్యపోలేదు. మావైపు 'ఆయ్' అంటే మీ మాట అందింది అని. అమలుకి హామీ ఏమీ లేదు.

పని మంచం అంచు నుంచే మొదలుపెట్టాను. కూర్చుని నిటారుగా ఉండడం, కూర్చున్నవారు లేవడం, లేచాక బరువు ఎడమ కాలి మీదికి మార్చడం. పక్షవాతం వచ్చినవాళ్లు మంచి కాలి మీదే నిలబడతారు. రెండో కాలు ఉత్సవ విగ్రహంలా పక్కన ఉంటుంది. దాని చేత పని చేయించడమే మా ఉద్యోగం. ఇంట్లోవాళ్లకు కూడా ఒక పాఠం చెప్పాను. ఆయన్ని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, భుజం కీలు జారుతుంది. నడుముకు బెల్టు కట్టి, ఎడమవైపు అరడుగు వెనక నిలబడి, బెల్టు పట్టుకోవాలి. అది కూడా పడబోతేనే. 'ఆయ్' అన్నారు.

పెరట్లోకి వెళ్లాలంటే రెండు గడపలు దాటాలి. సత్తిరాజు గారు చచ్చినా గడప తొక్కరు. ఆసుపత్రిలో పాదం పైకి ఎత్తించడానికి ప్లాస్టిక్ దిమ్మెలు పేర్చి నానా తంటాలు పడతాం. ఇక్కడ పాదం నేలకీడ్చే మనిషి గడప దగ్గరికి రాగానే, లక్ష్మీదేవి చూస్తోందన్నంత జాగ్రత్తగా కాలెత్తేవారు. నేను ఆ గడపల మీద రోజూ అటూ ఇటూ తిప్పాను. వానలు ముదిరేసరికి నాలుగు కాళ్ల చేతికర్రతో పెరటిదాకా వెళ్లి రావడం మొదలైంది.

అనంతలక్ష్మి అడిగింది, "వెళ్లొచ్చేరు కదండీ, టికెట్ చూసుకోమంటారా?"

వద్దన్నాను. ఇంట్లో నడక కంఠతా పట్టిన పద్యం లాంటిది. ఎక్కడ ఏముందో కాలికి తెలుసు. నేల తడిగా ఉంటే, కోడిపిల్ల కాళ్లకు అడ్డొస్తే, ఎవరో వెనకనుంచి పిలిస్తే ఏం చేస్తారో అది చెప్పదు. పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువగా పడేది తిన్నగా నడిచేటప్పుడు కాదు, తిరిగేటప్పుడూ ఉలిక్కిపడినప్పుడూ. అందుకని ఒక పరీక్ష పెట్టాను. వీధి చివర కాలవ గట్టు దాకా వెళ్లి, తిరిగి ఇంటికి రావాలి. మధ్యలో కూర్చోకూడదు. ఎవరూ ముట్టుకోకూడదు. అది నెగ్గితే టికెట్.

అప్పుడు నేను లెక్కలోకి తీసుకోనిది పక్షవాతాన్ని కాదు, మర్యాదని.

మొదటి ఇల్లు సూరమ్మ గారిది. మమ్మల్ని చూసి చేట కింద పడేసి పరుగున వచ్చింది.

"అయ్యబాబోయ్, అన్నయ్య గారు నడిచొచ్చేస్తున్నారు! ఒసే, కుర్చీ తేవే! కూర్చోండి అన్నయ్య గారూ, కూర్చోండి."

"వద్దమ్మా, డాక్టరు బాబు గారు నడవమన్నారు" అన్నారు సత్తిరాజు గారు.

"ఆయ్, కూర్చుని నడుద్దురు గాని."

కూర్చున్నారు. కొబ్బరి బొండం వచ్చింది. లేచాక రెండో ఇల్లు కృష్ణమూర్తిది. అప్పుడే కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇంటికి తలుపులు ఇంకా బిగించలేదు, కుర్చీలు మాత్రం ఉన్నాయి.

"మావయ్య గారూ, వాళ్లింటి దగ్గర కూర్చుని మా ఇంటి దగ్గర కూర్చోకుండా వెళ్లిపోతే ఏమనుకుంటామండీ?"

ఇంకో బొండం. మూడో ఇంటి దగ్గర కాఫీ. ఆ రోజు మేం కాలవ గట్టు చూడలేదు. దారిపొడవునా తాగించినవాటి వల్ల ఇంటికి వచ్చాక పెరటి దాకా చేసిన ప్రయాణాలే నికరమైన వ్యాయామం.

మర్నాడు వీధిలోవాళ్లను పోగుచేసి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కండరానికి దమ్ము పెరగాలంటే ఆగకుండా నడవాలని, కుర్చీ వెయ్యడం మర్యాదే గాని వైద్యానికి అడ్డని, వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. అందరూ ఎంతో శ్రద్ధగా విని 'ఆయ్' అన్నారు. ఫలితం వెంటనే కనబడింది. ఆ రోజు నుంచి నాకు కూడా కుర్చీ వేశారు.

అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ దొంగల్లా బయల్దేరి చూశాం. సూరమ్మ గారు ముందుచూపుతో కుర్చీ అరుగు కిందే వేసి పడుకుంది. ఖాళీ కుర్చీని చూసి సత్తిరాజు గారు దాని పక్కనే ఆగిపోయారు.

"వేసింది మన కోసమే కదండీ. కూర్చోకపోతే లేచాక బాధపడుతుంది."

"ఆవిడ నిద్రపోతోందండీ."

"నిద్రపోతోందని అమర్యాద చేస్తామా? రేపు వాళ్లింట్లో శుభకార్యానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?"

చేతికర్ర పట్టుకున్న రోగిని చూస్తే ఆ ఊళ్లో ఎవరికైనా ఒకటే ఆలోచన. పాపం, కూర్చోబెట్టాలి. ఆ రోగికీ అదే ఆలోచన. పాపం, కూర్చోవాలి. ఇద్దరి మధ్యా నడక పెరగడం ఆగిపోయింది. అనంతలక్ష్మి సెలవు మాత్రం ఆగలేదు. ఒక సాయంత్రం నేను స్కూటరు తీస్తుంటే గుమ్మంలోకి వచ్చి, "మా మేడంకి చెప్పేయమంటారా అండీ?" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. బజారుకి వెళ్తున్నాను ఏమైనా తేవాలా అన్నట్టు అడిగింది. కొంచెం ఆగమన్నాను. ఎందుకు ఆగాలో నాకూ తెలీదు.

ఆ ఊళ్లో హోమ్ విజిట్ అంటే వైద్యం తక్కువ, భోజనం ఎక్కువ. ఒక మధ్యాహ్నం ఎంత వద్దన్నా వినకుండా బల్ల ముందు కూర్చోబెట్టి ఆకు వేశారు. ఆదిలక్ష్మి గారు దోసకాయ పప్పు వడ్డించి, మోకాళ్లు పట్టేసి స్టూలు మీద కూలబడింది. అనంతలక్ష్మి పెరట్లో ఉంది. సత్తిరాజు గారు ఎదురు కుర్చీలో కూర్చుని నా ఆకు వంక చూస్తున్నారు. నేను పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"అదేంటండీ, నెయ్యి లేకుండానే తినేస్తున్నారు?" అంటూ ఆయన లేచారు.

కర్ర గోడకు ఆనించి ఉంది. ఆయన దాని వంక చూడలేదు. నాలుగు అంగల్లో గూటి దగ్గరికి వెళ్లి, కుడి చేత్తో నేతి గిన్నె తీసి, దాని కాడను ఎడమ వేళ్లలో ఇరికించి, కుడి చేత్తో చెంచా పట్టుకుని నా వైపు వచ్చారు. రోగిని ఎలా పట్టుకోవాలో మా గ్రంథాల్లో బొమ్మలతో సహా ఉంది. నోట్లో ముద్ద ఉన్నప్పుడు ఎలా పట్టుకోవాలో లేదు. ఆయన వంగి నా పప్పులో నెయ్యి వేశారు.

ఆదిలక్ష్మి గారు స్టూలు మీంచి, "అంతేనా పొయ్యడం? బావుండదండీ, ఇంకో చెంచా పొయ్యండి" అంది.

ఇంకో చెంచా పోశారు. అప్పుడు ఆవిడ చూపు గోడ మీద పడింది.

"ఏవండోయ్! కర్ర... కర్ర గోడ దగ్గరే ఉండిపోయిందండీ!"

దాంతో తాను రోగినన్న సంగతి సత్తిరాజు గారికి గుర్తొచ్చి ఎడమ కాలు గజగజ వణికింది. నేను ఎంగిలి చేత్తోనే ఆయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. కేక విని అనంతలక్ష్మి పెరట్లోంచి పరుగున వచ్చింది. తల్లీకూతుళ్లు దేవుడికి దణ్ణాలు పెడుతుంటే చెయ్యి కడుక్కుని వచ్చి వారించాను. అందులో దేవుడి ప్రమేయం ఉంటే ఉండొచ్చు గాని, కాలిలో బలం అప్పటికే వచ్చి ఉంది. మనసు కాలి మీద ఉన్నంతసేపూ కాలు బిగుసుకుపోతుంది. మనసు నేతి మీదికి వెళ్లగానే కాలు తన పని తాను చేసుకుంది. నడుస్తూ ఇంకో పని చేయించడం అనే సాధన మా శాస్త్రంలో ఉంది. దానికి మేం వందలోంచి ఏడేసి తీసేసి చెప్పమంటాం. నెయ్యి వడ్డించమనం.

"ఈ ఊళ్లో పెళ్లయినా, తద్దినమైనా నెయ్యి ఈయనదేనండి" అంది ఆదిలక్ష్మి గారు కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోళ్లు పోస్తే తక్కువ పోసేరేమోనని జనానికి అనుమానం."

నాకు తోచింది మాత్రం వేరే సంగతి. ఈ వీధిలో కుర్చీ చూపించకుండా ఈయన్ని ఎవరైనా చూడడం అదే మొదటిసారి. కట్టుకున్న భార్య కూడా కూర్చోమనలేదు, ఇంకో చెంచా పొయ్యమంది. వడ్డించేవాణ్ణి కోనసీమలో ఎవరూ కూర్చోమనరు. ఇంకొంచెం వెయ్యమంటారు.

అప్పట్నుంచి గిన్నెలో నీళ్లు పోసి బల్ల చుట్టూ తిప్పాను. వంగడం, పొయ్యడం, నిటారుగా లేవడం, పక్కకు జరగడం. కృష్ణమూర్తి గృహప్రవేశం దగ్గర పడింది. అక్కడ భోజనాల్లో ఒక బంతికి ఆయన చేత వడ్డన చేయిస్తానని ప్రసాదరావు గారికి చెప్పాను.

"ఫంక్షన్లో ట్రైనింగా? పడితే ఎవరయ్యా సమాధానం చెప్పేది?"

"పడితే నా మీదే పడతారండి."

ఆయన నవ్వలేదు. డాక్టరు గారి చేత రక్తపోటు చూపించి, షరతులు పెట్టారు. కండువా కింద బెల్టు, దాని మీద నా చెయ్యి, ఒక్క బంతి మాత్రమే. చెప్పులుండాలన్న షరతు ఒక్కటే వీగిపోయింది. వడ్డించేచోట చెప్పులేమిటని సత్తిరాజు గారు నా వంక చూసిన చూపుకి నేనే నా చెప్పులు బయట విడిచాను.

కృష్ణమూర్తి ససేమిరా అన్నాడు. "క్యాటరింగ్ పెట్టేనండి మావయ్య గారూ. మీరు పెద్దవారు, దర్జాగా కూర్చోండి."

"నీ పెళ్లికి నెయ్యి ఎవడు పోసేడ్రా?"

"మీరేనండి."

"తక్కువయిందని ఎవరన్నా అన్నారా?"

"లేదండి."

"మరి తప్పుకో."

బంతి నేల మీద కాదు, బల్లల మీద. ఎదురెదురుగా రెండు వరుసల బల్లలు, మధ్యలో వడ్డించేవాళ్లు నడిచే సందు. చూడగానే నా ప్రాణం కుదుటపడింది. అవి అచ్చం మా ప్యారలల్ బార్లే, కాకపోతే మీద పూర్ణాలున్నాయి. పైగా కుర్చీలన్నీ బల్లలకు అవతలవైపు ఉన్నాయి. సందులో కుర్చీ వెయ్యడానికి సూరమ్మ గారికి కూడా చోటు లేదు.

సత్తిరాజు గారు ముందు, నేను ఎడమవైపు అరడుగు వెనక. ఏ పనీ లేనట్టు ఒకరి నడుం పట్టుకుని తిరిగితే బావుండదని క్యాటరింగ్ మేస్త్రీ నా రెండో చేతిలో అప్పడాల బుట్ట పెట్టాడు. అంతటితో నా చదువు ముగిసింది. 'తమ్ముడూ, ఇటో అప్పడం', 'బాబూ, పులిహోర రానేలేదు' అని అన్ని వైపులా కేకలు. ఒకాయన మా క్యాటరింగ్ ఏ ఊరని అడిగాడు. అమలాపురమని చెప్పాను. అబద్ధం కాదు. ఇంకొకాయన షుగరుందని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. సత్తిరాజు గారు ఆయన వేళ్ల సందుల్లోంచి పోశారు.

వరుస సగం దాటాక ఎదుట్నుంచి సాంబారు బకెట్టుతో ఒక క్యాటరింగ్ మనిషి వెనక్కి చూస్తూ దూసుకొచ్చాడు. సందు ఇద్దరికి చాలదు. సత్తిరాజు గారు ఉలిక్కిపడ్డారు. నా చెయ్యి బెల్టు లాగేలోపే ఆయన ఎడమ కాలు చటుక్కున పక్కకు పడింది, నిలదొక్కుకుంది. గిన్నెలో నెయ్యి నా చొక్కా మీదికి వచ్చింది. ఆయన మాత్రం నిటారుగా ఉన్నారు.

"నెమ్మదిగా రావాలయ్యా. సాంబారు ఎక్కడికీ పారిపోదు" అని అతన్ని మందలించి, పక్క ఆకు వైపు తిరిగారు.

మేం నెలల తరబడి ఎదురుచూసేది ఆ ఒక్క అడుగు కోసమే. తూలినప్పుడు ఆలోచన లేకుండా కాలు తనంత తాను పడి ఒంటిని నిలబెట్టాలి. చెబితే వచ్చేది కాదు. ఆసుపత్రిలో దాన్ని రప్పించడానికి రోగిని మెల్లగా తోస్తాం. రోగులు మమ్మల్ని అనుమానంగా చూస్తారు.

వరుస చివర అనంతలక్ష్మి కూర్చుని ఉంది. తండ్రి నెయ్యి పోస్తుంటే, "చాలు నాన్నా" అంది.

"చాలదు. పట్టు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆకులో కొరికిన ఊరమిరపకాయ కూడా ఉంది కనక కారణం నేను నిర్ధారించలేను. "ఇప్పుడు చెప్పండి డాక్టరు బాబు గారు, టికెట్టా, మేడంకి ఫోనా, రెండిట్లో ఏదండీ?" అంది. ఒక బంతి చూసి టికెట్ కొనమనడం వైద్యం అనిపించుకోదు. పెట్టిన పరీక్ష పెట్టినట్టే ఉందని, వీధి చూశాక చెబుతానని అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు సాంబారు మనిషి మీద పడాల్సింది.

మర్నాడు ఎడమ చేతికి మజ్జిగ చెంబు, కుడి చేతికి కర్ర ఇచ్చి వీధిలోకి తీశాను. సూరమ్మ గారు గుమ్మంలోకి వచ్చి, "ఎవరికండీ అన్నయ్య గారూ మజ్జిగ?" అంది. కాలవ అవతల ఎవరికో అన్నారాయన. పని మీద వెళ్లే మనిషిని ఆపడం మర్యాద కాదు కనక ఆవిడ దారి ఇచ్చింది. కృష్ణమూర్తి పక్కకు తప్పుకున్నాడు. కాలవ గట్టు దాకా వెళ్లాం. ఆయన చెంబుతో సహా వెనక్కి తిరిగారు. ఇంటికి వచ్చాక ఆ మజ్జిగ నేను తాగాను. రెండు మూడు సార్లు అలాగే వెళ్లొచ్చాక, వానలో తడిసిన నేల మీద కూడా చూశాక, టికెట్ తీసుకోమని అనంతలక్ష్మికి చెప్పాను.

మిగిలిన రోజులు వైద్యమంతా ఆదిలక్ష్మి గారికే చేశాను. ఆయన లేస్తుంటే ఆవిడ చెయ్యి చాచకుండా స్టూలు మీద కూర్చుని ఉండడం అనే వ్యాయామం. ఆయన నడక కన్నా అది ఆలస్యంగా కుదిరింది.

అనంతలక్ష్మి వెళ్లే రోజున నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. ఆటో గుమ్మంలో నిలబడింది. "ఒక్కడివీ చూసుకోగలవా నాన్నా?" అని అడిగింది.

"ఒక్కణ్ణేమిటే, మీ అమ్మని కూడా నేనే చూసుకోవాలి. ముందు నువ్వు బయల్దేరు, ఫ్లైటు నీ కోసం కూర్చోదు" అన్నారాయన. ఆటో మలుపు తిరగ్గానే పెరట్లోకి వెళ్లాలన్నారు. నేను లేవబోతే చేత్తో వద్దని, రెండు గడపలూ దాటి వెళ్లి వచ్చారు.

ఈ కేసు నా పని పద్ధతిలో రెండు మార్పులు తెచ్చింది. ఇప్పుడు కాలేజీలో పిల్లలకూ అవే చెబుతున్నాను. రోగి కాలి బలం చూడకముందు, ఈ మనిషి ఒంట్లో బాగున్నప్పుడు నిలబడి ఎవరికి ఏం చేసి పెట్టేవారో అడగాలి. ఇచ్చే వ్యాయామం దాంట్లోంచే రావాలి. రెండోది, రోగికి నడక నేర్పడంతో పాటు చుట్టూ ఉన్నవాళ్లకు చేతులు కట్టుకుని ఉండడం నేర్పాలి. దానికి ఉపన్యాసం పనికిరాదు. రోగి చేతిలో ఒక పని పెడితే వాళ్లే తప్పుకుంటారు.